అడ్వెంచర్ బండి ఏది కొనాలి: ముందు చక్రం దగ్గర మొదలుపెడదాం

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తీసుకోవాలా, కేటీఎం 390 అడ్వెంచర్ తీసుకోవాలా, లేకపోతే హీరో ఎక్స్‌పల్స్ 210 తీసుకుని మిగిలిన డబ్బుతో ఊళ్ళు తిరగాలా అని అడిగే ఫ్రెండ్స్ ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. అందరూ సీసీతో మొదలుపెడతారు, తర్వాత పీఎస్, అంటే ఇంజిన్ పవర్, ఎంత అంటారు, తర్వాత డిస్‌ప్లేలో మ్యాప్ వస్తుందా అంటారు. నేనేమో ముందు చక్రం దగ్గర మొదలుపెట్టమంటాను, తర్వాత బరువు, సీటు ఎత్తు, ఇంజిన్ సంగతి ఆఖర్న. ఎందుకంటే ఈ బళ్ళన్నీ మన హైవేల మీద 90లో హాయిగా పోతాయి, అక్కడ ఏ బండికీ వంక పెట్టేదేం లేదు, కానీ మీ రోడ్డుకి సరిపడని చక్రం ఉన్న బండి ఇంటికి తెచ్చుకుంటే మాత్రం అది రోజూ తెలుస్తూనే ఉంటుంది.

21 అంగుళాలా, 19 అంగుళాలా

ఈ సెగ్మెంట్‌లో రెండు జట్లు ఉన్నాయి. ముందు 21 అంగుళాల స్పోక్ చక్రం ఉన్నవి హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్, హీరో ఎక్స్‌పల్స్ 210. ముందు 19 అంగుళాల అల్లాయ్ ఉన్నవి సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300, కేటీఎం 390 అడ్వెంచర్ ఎక్స్, ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400 ఎక్స్. వెనక చక్రం దాదాపు అన్నిటికీ 17, ఎక్స్‌పల్స్‌కి ఒక్కదానికే 18.

పెద్ద చక్రం గుంతలోకి పూర్తిగా దిగదు, అంచుల మీంచి దొర్లిపోతుంది, పిడికిలంత రాళ్ళు పరిచిన దారిలో హ్యాండిల్ అటూ ఇటూ కొట్టకుండా తిన్నగా తీసుకెళ్తుంది. పాడేరు చుట్టుపక్కల వానాకాలంలో ఎర్రమట్టి జారుతున్నప్పుడు, మారేడుమిల్లి దాటాక మెయిన్ రోడ్డు వదిలి లోపలి గూడేల వైపు దిగినప్పుడు ఆ తేడా చేతులకి తెలుస్తుంది, సాయంత్రానికి భుజాలు నొప్పి పుట్టవు. అయితే అదే చక్రం తారు రోడ్డు మలుపుల్లో కొంచెం మొండికేస్తుంది. తిరుగుతున్న పెద్ద చక్రాన్ని పక్కకి వంచాలంటే ఎక్కువ బలం పెట్టాలి, పైగా ముందు టైరు 90 సెక్షన్, అంటే వెడల్పు 90 ఎంఎం, సన్నం, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు రోడ్డుని పట్టుకునే మేర తక్కువ. అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్‌లోగానీ శ్రీశైలం ఘాట్‌లోగానీ ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి బండిని తిప్పుతూ పోవాలంటే 19 అంగుళాల బండే చురుగ్గా ఉంటుంది, 100 లేదా 110 సెక్షన్ టైరు కాబట్టి ధైర్యంగా వంచొచ్చు కూడా.

ఇక్కడ నిజాయితీగా లెక్కేసుకోవాలి. మీ బండి వారంలో ఐదు రోజులు కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకి వెళ్ళి, నెలకోసారి ఏదో ఒక ఘాట్ ఎక్కి, ఏడాదికోసారి ఊరికి వెళ్తుందంటే అది 19 అంగుళాల బండి పని. గండికోట, లంబసింగి, హార్స్‌లీ హిల్స్, ఇవన్నీ తారు రోడ్డు ఉన్న చోట్లే, వీటికోసం 21 అంగుళాల చక్రం అక్కర్లేదు. మీ ఊరే ఏజెన్సీలో ఉందనుకోండి, లేదా పొలం గట్లు, కాలవ గట్లు, కంకర పోసి వదిలేసిన రోడ్లు మీకు రోజూ తగులుతాయనుకోండి, అప్పుడు 21 తీసుకోండి, దాని విలువ రోజూ కనిపిస్తుంది. హైదరాబాద్ వాళ్ళకి ఇంకో మాట, ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు, మనకి దక్కేది సర్వీస్ రోడ్డే, దాని గతుకుల కోసమైనా కొంచెం సస్పెన్షన్ ఉన్న బండి మంచిదని చాలామంది ఈ వైపు వస్తున్నారు, అది సబబే, కానీ ఆ పనికి 19 అంగుళాల బండ్లలో ఏదైనా చాలు.

ట్యూబ్ ఉందా లేదా అనేది చిన్న విషయం కాదు

చక్రం సైజు కంటే నేను ఎక్కువ పట్టించుకునేది ఇది. షోరూమ్‌లో దీని గురించి ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్ళాక చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, పంక్చర్ షాపు ఉండదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఫారెస్ట్ గేటు మూసేస్తారు కాబట్టి సాయంత్రం బయల్దేరినవాళ్ళకి టైమ్ కూడా ఉండదు. అక్కడ వెనక టైర్‌లో మేకు దిగిందనుకోండి. ట్యూబ్‌లెస్ అయితే గాలి మెల్లగా దిగుతుంది, బండిని పక్కకి తీసి ఆపుకునే వ్యవధి దొరుకుతుంది. కటింగ్ ప్లేయర్‌తో మేకు లాగి, పంక్చర్ కిట్‌లో ఉండే రంపపు పళ్ళున్న సూదిని ఆ బెజ్జంలో నాలుగైదు సార్లు పైకీ కిందకీ ఆడించి శుభ్రం చేసి, జిగురు రాసిన స్ట్రిప్‌ని రెండో సూది కన్నంలోకి ఎక్కించి టైర్‌లోకి గుచ్చి, రెండు కొసలూ కొంచెం బయట ఉండగానే సూదిని ఒక్క లాగుడు లాగాలి. మిగిలిన కొసలు కోసేసి చిన్న ఎలక్ట్రిక్ పంపుతో గాలి కొట్టుకుంటే బయల్దేరిపోవచ్చు, చక్రం విప్పే పనే లేదు.

అదే ట్యూబ్ టైర్ అయితే గాలి ఒక్కసారిగా పోతుంది, ముందు టైరైతే హ్యాండిల్ చేతిలో ఉండదు. ఆగాక అసలు పని మొదలవుతుంది, వీటిలో చాలా వాటికి కంపెనీ నుంచి సెంటర్ స్టాండ్ రాదు కాబట్టి ముందు బండిని ఏ రాయి మీదో ఎలాగో లేపి నిలబెట్టాలి, యాక్సిల్ నట్ విప్పాలి, చైన్ తియ్యాలి, టైర్ అంచుని రిమ్ నుంచి తొక్కి విడగొట్టాలి, ట్యూబ్ బయటికి లాగి ప్యాచ్ వెయ్యాలి, మళ్ళీ ఎక్కించేటప్పుడు టైర్ లివర్ కింద ట్యూబ్ నలిగితే ఇంకో బెజ్జం పడుతుంది. చెయ్యి తిరిగినవాడికి కూడా ఇది తేలిక కాదు, ఒక్కరే ఉంటే మరీ కష్టం.

ఎక్స్‌పల్స్ 210కి ట్యూబ్ టైర్లే. హిమాలయన్ 450కి మామూలు స్పోక్ చక్రాలైతే ట్యూబ్, కొంచెం ఎక్కువ డబ్బు కడితే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు ఉన్నాయి. హిమాలయన్ తీసుకునేవాళ్ళు రంగుల దగ్గర, స్టిక్కర్ల దగ్గర ఖర్చు తగ్గించుకునైనా సరే ఆ చక్రాలు వేయించుకోవాలి, నా దృష్టిలో ఆ బండికి అన్నిటికంటే విలువైన యాక్సెసరీ అదే. కేటీఎం 390 అడ్వెంచర్ స్పోక్ చక్రాలు ట్యూబ్‌లెస్‌గానే వస్తాయి. 19 అంగుళాల అల్లాయ్ బళ్ళన్నీ ఎలాగూ ట్యూబ్‌లెస్సే. ట్యూబ్ వైపు కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి, రాళ్ళలో అల్లాయ్ రిమ్‌కి గట్టిగా తగిలితే పగులుతుంది, స్పోక్ రిమ్ మాత్రం వంగుతుందేగానీ నిలబడుతుంది, పల్లెటూళ్ళో ఏ పంక్చర్ షాపు అతనైనా ట్యూబ్ మార్చగలడు. నిజంగా రాళ్ళలోనే తిరిగేవాళ్ళకి ఎక్స్‌పల్స్ ఇప్పటికీ మంచి బండే అనడానికి అదొక కారణం.

బరువు, ఎత్తు

కర్బ్ వెయిట్, అంటే పెట్రోల్, ఆయిల్ అన్నీ పోశాక బండి బరువు, చూడండి. హిమాలయన్ 450 దాదాపు 196 కిలోలు, స్క్రాంబ్లర్ 185, కేటీఎం రెండూ 182, 183 దగ్గర, ఆర్‌టీఎక్స్ 180, వీ-స్ట్రామ్ 167, ఎక్స్‌పల్స్ 210 కూడా 170 లోపే. పేపర్ మీద 196కీ 167కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది, రోడ్డు మీద పరుగెడుతున్నప్పుడు కూడా అనిపించదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు కార్ల మధ్యలోంచి వెనక్కి నెట్టేటప్పుడు, ఏటవాలుగా ఉన్న చోట యూటర్న్ తీసుకునేటప్పుడు తెలుస్తుంది. హిమాలయన్‌లో 17 లీటర్ల ట్యాంకు నిండితే ఆ బరువంతా పైన ఉంటుంది, కాలు కొంచెం జారితే ఆపలేం.

సీటు ఎత్తు అంకెలు అన్నీ 825 నుంచి 835 ఎంఎం మధ్యే ఉంటాయి, కాబట్టి అంకె చూసి ఏమీ తేలదు. సీటు వెడల్పు, మీరు కూర్చోగానే సస్పెన్షన్ ఎంత దిగుతుంది అనేవే అసలు లెక్క. హిమాలయన్ సీటు ముందు భాగం సన్నంగా ఉంటుంది, పైగా 825 నుంచి 845కి మార్చుకోవచ్చు, అందుకే బరువున్నా ఐదడుగుల ఐదంగుళాలవాళ్ళు చాలామంది దాన్ని బాగానే నడిపిస్తున్నారు. వీ-స్ట్రామ్ తేలికైనా సీటు 835, మునివేళ్ళు మాత్రమే ఆనేవాళ్ళు ఉంటారు. బండి తేలిక కాబట్టి మునివేళ్ళు ఆనినా సరిపోతుంది, అదే 196 కిలోల బండికైతే కనీసం ఒక పాదం పూర్తిగా ఆనాలని నేనంటాను.

షోరూమ్‌లో నున్నటి టైల్స్ మీద కూర్చుని బాగుంది అనేసి వచ్చెయ్యకండి. మీరు రైడ్‌కి వేసుకునే బూట్లు వేసుకెళ్ళండి, వెనక కూర్చునే మనిషిని కూడా తీసుకెళ్ళండి, టెస్ట్ రైడ్‌లో ఏదైనా ఏటవాలు చోట ఆపి, బండి మీద కూర్చునే కాళ్ళతో వెనక్కి నెట్టి చూడండి. నెట్టలేకపోతే ఎంత ఇష్టపడ్డా ఆ బండి వద్దు.

ఇంకోటి, ఈ బళ్ళు పడతాయి, మట్టిలో నడిపితే పడటం మామూలే, అందుకే లేపడం ముందే నేర్చుకోవాలి. ఇంజిన్ ఆపండి, ఫస్ట్ గేర్‌లో పెట్టండి, కుడివైపు పడితే లేపకముందే సైడ్ స్టాండ్ దించెయ్యండి, లేకపోతే లేపిన బండి అటువైపు మళ్ళీ పడుతుంది. హ్యాండిల్‌ని నేల వైపుకి పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి కిందకి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్ కొస, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని, నడుము తిన్నగా పెట్టి కాళ్ళ బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి. చేతులతో లాగితే నడుము పట్టేస్తుంది. డెలివరీ తీసుకున్న వారంలోనే గడ్డి ఉన్న చోట ఇద్దరు ఫ్రెండ్స్ సాయంతో బండిని మెల్లగా పడుకోబెట్టి లేపి చూడండి, బండి మీద భయం సగం అక్కడే పోతుంది.

ఇప్పుడు ఇంజిన్లు

కేటీఎం 399 సీసీ, 46 పీఎస్, టార్క్, అంటే లాగే బలం, 39 న్యూటన్ మీటర్లు. హిమాలయన్ 452 సీసీ, 40 పీఎస్, 40 న్యూటన్ మీటర్లు. అంకెలు దగ్గరగా ఉన్నా స్వభావం వేరు. హిమాలయన్ కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది, ఘాట్‌లో మాటిమాటికీ గేర్లు మార్చక్కర్లేదు, లగేజీతో, వెనక మనిషితో నడిపేవాళ్ళకి అది సుఖం. కేటీఎం ఆర్‌పీఎం పైన ఉంచితేనే ఆడుతుంది, కింద గేర్ తప్పితే గొణుగుతుంది, కానీ ఆ పరుగు నచ్చినవాళ్ళకి ఇంకేదీ నచ్చదు. యాక్సిలరేటర్ పట్టుకోకుండానే ఒకే స్పీడ్‌లో పోనిచ్చే క్రూయిజ్ కంట్రోల్, చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, క్లచ్ పట్టకుండా గేర్ మార్చే క్విక్‌షిఫ్టర్ అన్నీ దాన్లో ఉన్నాయి, విజయవాడ హైవే మీద గంటల తరబడి పోయేవాళ్ళకి క్రూయిజ్ కంట్రోల్ వల్ల కుడి మణికట్టుకి నిజంగా విశ్రాంతి.

ఆర్‌టీఎక్స్ 300 నాకు ఈ జాబితాలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే బండి. 2025 అక్టోబర్‌లో వచ్చింది, 299 సీసీ, 36 పీఎస్, 28.5 న్యూటన్ మీటర్లు, 180 కిలోలు. అంటే పెద్దవాటికి పవర్ దగ్గరే, ధర మాత్రం చాలా కింద. వీ-స్ట్రామ్ 249 సీసీ ఆయిల్ కూల్డ్ ఇంజిన్, 26.5 పీఎస్, గొప్ప థ్రిల్ ఏమీ లేదు, ఓవర్‌టేక్ చేసే ముందు ఒక గేర్ దించుకోవాలి, కానీ నున్నగా తిరుగుతుంది, మైలేజ్ బాగా ఇస్తుంది. ఎక్స్‌పల్స్ 210 24.6 పీఎస్, పాత 200తో పోలిస్తే ఆరో గేర్ వచ్చింది, లిక్విడ్ కూలింగ్ వచ్చింది, హైవే మీద ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది, అయినా 100 దాటించి రోజంతా తోలే బండి కాదు.

వేడి గురించి కూడా అడగండి. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర లిక్విడ్ కూల్డ్ బండి ఫ్యాన్ ఆన్ అయిందంటే ఆ గాలి మోకాళ్ళ మీదకే వస్తుంది, పెద్ద ఇంజిన్లకి ఇది ఎక్కువ. అందుకే టెస్ట్ రైడ్ మధ్యాహ్నం పెట్టుకోండి, ఖాళీ రోడ్డు మీద కాకుండా ట్రాఫిక్‌లో కూడా ఓ పావుగంట తోలండి.

ట్యాంకు చూసి మోసపోవద్దు. హిమాలయన్‌కి 17 లీటర్లు, సుమారు 28 మైలేజ్ అనుకుంటే 470 కిలోమీటర్ల పైన. వీ-స్ట్రామ్‌కి 12 లీటర్లే, కానీ నెమ్మదిగా తోలితే 35 ఇస్తుంది కాబట్టి అది కూడా 400 దాటుతుంది. మన రెండు రాష్ట్రాల్లో అంత దూరం బంకు లేకుండా ఎక్కడా ఉండదు, పెద్ద ట్యాంకు లదాఖ్ వెళ్ళేవాళ్ళకే నిజంగా పనికొచ్చేది.

డబ్బు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 350 దాటినవాటికి 40 శాతానికి పెరిగింది. ఈ ఒక్క గీత మొత్తం పోలికనే మార్చేసింది. ఆర్‌టీఎక్స్, వీ-స్ట్రామ్, ఎక్స్‌పల్స్ ఒకవైపు పడ్డాయి, హిమాలయన్, 390లు, స్క్రాంబ్లర్ ఇంకోవైపు పడ్డాయి. ఇన్సూరెన్స్‌లో కూడా అదే గీత, 2022 నోటిఫికేషన్ ప్రకారం కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ వాటికి 7,365 రూపాయలు, 350 పైన 15,117. లైఫ్ ట్యాక్స్ బండి ధర మీద వేస్తారు కాబట్టి అది కూడా దానితోపాటే పెరుగుతుంది. అందుకని ఎక్స్ షోరూమ్ తేడా చూసి ఆగిపోకుండా రెండు బళ్ళకీ ఆన్ రోడ్ కొటేషన్ కాగితం మీద రాయించుకుని పక్కపక్కన పెట్టుకోండి. ఆ తేడాలో మంచి హెల్మెట్, మోకాలి ఆర్మర్ ఉన్న ప్యాంటు, జాకెట్, బూట్లు, ఇంజిన్‌కి కింద రాళ్ళు తగలకుండా బ్యాష్ ప్లేట్, క్రాష్ గార్డ్ అన్నీ వచ్చేస్తాయి, ఇవి లేకుండా పెద్ద బండి కొనడం కంటే ఇవన్నీ ఉండి చిన్న బండి కొనడం వెయ్యి రెట్లు మేలు.

సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరమో చూస్కోండి. కాకినాడ, ఖమ్మం, కడప లాంటి చోట్ల ఉండేవాళ్ళు ముందు వెళ్ళి అక్కడి మెకానిక్‌తోనే మాట్లాడండి, క్లచ్ ప్లేట్లు, క్లచ్ కేబుల్, బ్రేక్ ప్యాడ్లు స్టాక్‌లో ఉన్నాయా, ఆర్డర్ పెడితే ఎన్నాళ్ళకి వస్తాయి అని అడగండి. సేల్స్ కుర్రాడు చెప్పే మాట వేరు, స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో వినపడే మాట వేరు.

మరి ఏది తీసుకోవాలి

ఆఫీసు, హైవే, ఘాట్, అప్పుడప్పుడూ భార్యతోనో ఫ్రెండ్‌తోనో లాంగ్ రైడ్ అంటే నేను ఆర్‌టీఎక్స్ 300 చెప్తాను. నెమ్మదస్తులకి, ఎక్కువ మైలేజ్ కావాలనేవాళ్ళకి వీ-స్ట్రామ్. మట్టిలో తొక్కడం నేర్చుకోవాలి, పడతాను లేస్తాను అనేవాళ్ళకి ఎక్స్‌పల్స్ 210, దీనిమీద నేర్చుకున్న మనిషి తర్వాత ఏ బండైనా తోలతాడు. ఏడాదిలో ఒక పెద్ద టూర్ ఖాయం, లగేజీ నిండా ఉంటుంది, తొందరేం లేదు అంటే ట్యూబ్‌లెస్ చక్రాలతో హిమాలయన్ 450. స్పీడ్ ఇష్టం, మట్టిలో కూడా గట్టిగా తోలతాను, ఖర్చుకి వెనకాడను అంటే 390 అడ్వెంచర్. స్క్రాంబ్లర్ 400 ఎక్స్ చూడ్డానికి బాగుంటుంది, ఇంజిన్ చాలా బాగుంటుంది, కానీ ముందు గాలి అడ్డుకునే విండ్‌స్క్రీన్ లేదు, దూరప్రయాణాలకి నేను దాన్ని చెప్పను.

బడ్జెట్ తక్కువైతే సెకండ్ హ్యాండ్‌లో రెండు బళ్ళు వెతకండి. పాత హిమాలయన్ 411, సీటు 800 ఎంఎం, పొట్టిగా ఉండేవాళ్ళకి దీనికంటే స్నేహంగా ఉండే బండి ఇంకోటి దొరకడం కష్టం, పవర్ 24 బీహెచ్‌పీయే (పీఎస్‌కి దగ్గరి కొలతే) కాబట్టి హైవే మీద తొందరపడకూడదు. రెండోది 373 సీసీ పాత కేటీఎం 390 అడ్వెంచర్, 19 అంగుళాల అల్లాయ్, ట్యూబ్‌లెస్, 43.5 పీఎస్, సీటు మాత్రం 855, కాళ్ళు పొడుగు ఉండాలి. ఏది చూసినా మోకాళ్ళ మీద కూర్చుని ఇంజిన్ కింద బ్యాష్ ప్లేట్ ఎంత సొట్టలు పడిందో చూడండి, ముందు ఫోర్క్ రాడ్ల మీద ఆయిల్ తడి ఉందేమో వేలితో రాసి చూడండి, ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్‌ని మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పండి, మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగ్ పోయినట్టే. చక్రాన్ని చేత్తో గిరగిరా తిప్పి రిమ్ ఊగుతుందేమో చూడండి, సర్వీస్ హిస్టరీ ఉందా అడగండి. ఇవన్నీ చూడనివ్వడానికి అమ్మేవాళ్ళు ఇబ్బంది పడుతుంటే ఇంకో బండి చూస్కోండి, మార్కెట్‌లో ఈ రెండూ బాగానే దొరుకుతున్నాయి.